బంపర్ మీద గీతలు: ముందు ఆ పసుపు రంగు తుడిచి చూడండి

మీరు అడిగింది ఇదీ. విశాఖ ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రివర్స్ తీస్తుంటే కారు వెనక ఎడమ మూల పిల్లర్‌కి రాసుకుంది. తెల్ల కారు, సంపత్ వినాయగర్ గుడి దగ్గర కొత్తబండి పూజ చేయించి ఇంకా ఏడాది కూడా కాలేదు. బంపర్ మీద అరచేతి వెడల్పున పిల్లర్ పసుపు రంగు అంటుకుంది. అందులో నాలుగైదు గీతలున్నాయి, చక్రం వైపు అంచులో మినపగింజంత నల్లచుక్క ఉంది. షెడ్డులో చూపిస్తే బంపర్ మొత్తం పెయింట్ కొట్టాలన్నారు. ఇంట్లో చేసుకోవచ్చా, టూత్‌పేస్టు పని చేస్తుందా, వీడియోల్లో చూపించినట్టు వేడినీళ్ళు పొయ్యాలా?

చేసుకోవచ్చు. నల్లచుక్క తప్ప మిగతాదంతా ఆదివారం పొద్దున్న రెండు గంటల పని. ఆ చుక్కకి వేరే లెక్క ఉంది, తర్వాత చెప్తాను. నేను గాజువాక ఆటోనగర్‌లో పద్దెనిమిదేళ్ళు పెయింటింగ్ పని చేశాను. ఇప్పుడు చెయ్యి వణుకుతోందని స్ప్రే గన్ను పట్టడం మానేశాను గానీ గీతల సంగతి అడిగితే మాత్రం నోరు ఊరుకోదు. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నాకు పని నేర్పిన మేస్త్రీ మొదటి వారంలోనే ఒక మాట అన్నాడు. "గీతని నువ్వు తియ్యలేవురా. గీత చుట్టూరా ఉన్నదాన్నే తియ్యగలవు." అప్పుడు నవ్వుకున్నాను. ఈ పనంతా ఆ మాటలోనే ఉందని తెలియడానికి కొన్నేళ్ళు పట్టింది. గీత అంటే చిన్న గుంట. కాంపౌండ్ (మెరుగుపెట్టే సన్న గరుకు ముద్ద) పెట్టి రుద్దినా, వాటర్ పేపర్ (నీళ్ళలో తడిపి రుద్దే గరుకు కాగితం) కొట్టినా ఆ గుంట పూడదు. దాని చుట్టూ ఉన్న పెయింటు గుంట అడుగు దాకా దిగుతుంది, అంతే. అంటే గీత పోయిందని మనం సంబరపడిన ప్రతిసారీ కొంత పెయింటు ఖర్చు పెట్టామన్నమాట.

మరి ఖర్చు పెట్టడానికి ఎంతుందో చూడండి. బంపర్ అడుగున పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. దాని మీద ప్రైమర్, అంటే రంగు పట్టుకోవడానికి వేసే తొలిపూత, ఆ పైన రంగు, అన్నిటికీ పైన గాజులా మెరిసే క్లియర్ కోటు. కంపెనీ నుంచి వచ్చిన క్లియర్ సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. వెంట్రుకంత కూడా లేని పొరలోంచి గీత లోతుకి సరిపడా తీసి, ఎండకీ ఉప్పుగాలికీ తట్టుకోవడానికి మిగతాది ఉంచాలి. డోరు మీద అయితే ఎంత మిగిలిందో మీటర్ పెట్టి చూసుకోవచ్చు. షెడ్డుల్లో ఉండే మామూలు మీటర్లు లోహం మీదే పని చేస్తాయి, ప్లాస్టిక్ మీద పెడితే ఏమీ చెప్పవు. బంపర్ దగ్గర కన్నూ చెయ్యే మీటర్.

ప్లాస్టిక్ కావడం వల్ల ఒక మేలుంది, ఒక కీడుంది. మేలు ఏమిటంటే తుప్పు పట్టదు. ఈ ఊళ్ళో డోరుకో ఫెండర్‌కో రేకు కనిపించేంత గీత పడితే వానాకాలం లోపల చూసుకోకపోతే సముద్రపు గాలికి ఎర్రగా పొంగుతుంది. బంపర్‌కి ఆ భయం లేదు, మీ నల్లచుక్క ఏడాది అలాగే ఉన్నా ఏమీ కాదు. కాబట్టి షెడ్డువాళ్ళ తొందర మీకు అక్కర్లేదు. కీడు సంగతికొస్తే, రేకు వేడిని పక్కకి లాగేస్తుంది, ప్లాస్టిక్ అలా లాగదు, రుద్దిన చోటే వేడి కూర్చుంటుంది. కొత్తలో ఒక మెరూన్ కారు బంపర్ అంచు మీద బఫింగ్ మిషన్ మూడు సెకన్లు ఎక్కువ నిలబెట్టాను. పాల మీద మీగడ ముడతపడినట్టు పెయింటు ముడుచుకుపోయింది. ఓనరు ఎదురుగానే టీ తాగుతున్నాడు. ఆ బంపర్ మొత్తం నా డబ్బుతో కొట్టించాను. అందుకే చెప్తున్నాను, డ్రిల్లు మిషన్‌కి స్పాంజి బిళ్ళ తగిలించి వీడియోల్లో చేస్తున్నారు చూడండి, అది మీరు చెయ్యొద్దు. మీకున్న పని అరచెయ్యంత, దానికి చెయ్యే చాలు.

చేత్తో ఎంత అవుతుందో నాకు తెలిసింది హుద్‌హుద్ తర్వాత. 2014 అక్టోబరు 12న తుఫాను వచ్చి వెళ్ళాక షెడ్డు ముందు కార్లు వరస కట్టాయి. రోజుల తరబడి కరెంటు లేదు, కంప్రెసర్ లేదు, మిషన్ తిరగదు. కొమ్మలు రాసుకున్న బంపర్లని ఊరికే కూర్చోలేక చేత్తో రుద్దడం మొదలుపెట్టాం. మామూలుగా అయితే పెయింటుకి రాసేసే వాటిలో చాలా బళ్ళు పెయింటు అవసరం లేకుండానే వెళ్ళిపోయాయి. కరెంటు వచ్చాక మళ్ళీ పాత అలవాటే అనుకోండి. షెడ్డుకి పెయింటింగ్‌లో మిగిలినంత రుద్దడంలో మిగలదు.

ఇక పనిలోకి వద్దాం.

ముందు కడగండి. పైపైన కాదు, బంపర్ మొత్తం కార్ షాంపూతో, నీళ్ళు ధారగా పోస్తూ. మన ఊళ్ళో కారు మీద పడేది ఉత్త మట్టి కాదు. బీచ్ వైపు సన్న ఇసుక, పోర్టు దగ్గర కిటికీ గట్టు మీద వేలితో గీస్తే నల్లగా అంటుకునే పొడి. అది ఉండగా గుడ్డ పెట్టి రుద్దారంటే పది గీతల్ని వంద చేసుకున్నట్టే. కడిగి ఆరాక, నీడలో ఉందా, బంపర్ చల్లగా ఉందా చూసుకోండి. ఎండలో ఉన్న కారు మీద కాంపౌండ్ పెడితే అప్పడంలా ఎండిపోతుంది. మే నెలైతే ఆరున్నరకే మొదలుపెట్టాలి.

తర్వాత ఆ పసుపు. చాలామంది గీత అనుకునేదాంట్లో సగం గీత కాదు, ఎదుటిదాని రంగు మన దాని మీద అంటుకున్నది. పిల్లర్లకి వేసే పసుపు, నలుపు పట్టీలు ఎనామిల్ పెయింటు, అది మీ క్లియర్ మీద ఎక్కి కూర్చుంది. మెత్తటి గుడ్డకి కాస్త టర్పెంటాయిల్ తడిపి, మరక మీద అర నిమిషం అలా ఆనించి ఉంచి, ఆ తర్వాత రుద్దండి. చాలా వరకు గుడ్డకి వచ్చేస్తుంది. మిగిలినది కాంపౌండ్‌తో పోతుంది. థిన్నర్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. కంపెనీ పెయింటు కాసేపు ఓర్చుకోవచ్చు గానీ ఎప్పుడైనా ఎవరైనా పైన కొట్టిన పెయింటైతే గుడ్డతో పాటు ఊడి వస్తుంది. పక్కనే లైటు ప్లాస్టిక్ ఉంది, దాని మీద పడితే పాలిపోతుంది. టర్పెంటాయిల్ వాడాక సబ్బునీళ్ళతో ఒకసారి కడిగెయ్యండి.

పసుపు పోయాక మిగిలిందే అసలు దెబ్బ. దాని మీద నీళ్ళు చల్లి చూడండి. తడి ఉన్నంతసేపు మాయమై, ఆరగానే మళ్ళీ కనిపించే గీత క్లియర్‌లోనే ఉంది. నీళ్ళు ఆ గుంటని నింపి వెలుగు చెదరకుండా చేస్తాయి కాబట్టి కనిపించదు. తడిలో కూడా కనిపిస్తే రంగు దాకా దిగినట్టు. ఆ తర్వాత గీతకి అడ్డంగా గోటిని తేలిగ్గా జరపండి. గోరు జారిపోతే కాంపౌండ్ చాలు. చిన్నగా తట్టుకుంటే పేపర్ అవసరం పడొచ్చు. గోరు టక్కున ఆగిపోతే రుద్ది పోగొట్టే ఆలోచన మానుకోండి, అక్కడ అంత క్లియర్ లేదు.

కాంపౌండ్ అంటే ఆటో స్పేర్స్ షాపుల్లో దొరికే రబ్బింగ్ కాంపౌండ్. త్రీఎం వాళ్ళది చిన్న సీసా అయినా మీకు ఐదారేళ్ళు వస్తుంది. గుడ్డ వేలికి చుట్టి రుద్దకండి. ఒత్తిడంతా వేలికొన దగ్గర పడి, గీత పోయిన చోట సన్నటి పల్లం మిగులుతుంది, సాయంత్రం వాలు ఎండలో అది తెలుస్తుంది. మైనం పూసే గుండ్రటి స్పాంజి తీసుకోండి. బఠాణీ గింజంత కాంపౌండ్ పెట్టి, అరచెయ్యంత జాగాలో అడ్డంగా, ఆ తర్వాత నిలువుగా, రెండు మూడు నిమిషాలు రుద్దండి. నేల తుడిచేటప్పుడు పెట్టే బలం చాలు, ఇత్తడి బిందె తోమే బలం అక్కర్లేదు. తుడిచి చూడండి. మళ్ళీ పెట్టండి. మూడు నాలుగు సార్లు.

ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. కాంపౌండ్‌లో నూనెలాంటివి ఉంటాయి, అవి గీతల్లో దూరి గీత పోయినట్టు చూపిస్తాయి. రెండు కడుగుళ్ళ తర్వాత గీత మళ్ళీ తేలుతుంది. "ఆరు వందలు తీసుకున్నాడు, వారానికే మళ్ళీ వచ్చేశాయి" అనే మాట ఇందువల్లే వస్తుంది. మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. దానికి సగానికి సగం నీళ్ళు కలిపి, రుద్దిన చోట తుడిచి, ఫోన్ టార్చి పక్కనుంచి పెట్టి చూడండి. అప్పుడు కనిపించేదే నిజం. కొబ్బరినూనె రాస్తే గీత మాయం అనే చిట్కా కూడా ఇదే మాయ, పైగా దుమ్ము పడుతుంది.

ఇంతవరకు చేస్తే మీ నాలుగైదు గీతల్లో మూడు పోతాయని నా అంచనా. గోటికి చిన్నగా తట్టుకునేవి ఒకటో రెండో మిగులుతాయి. ఇక్కడే ఆగిపోయినా నేను తప్పు పట్టను. రెండడుగుల దూరం నుంచి కనిపించని గీత కోసం పేపర్ తీసే మనిషిని కాను నేను. అయినా మనసొప్పకపోతే చదవండి.

వాటర్ పేపర్ 2000 నంబరు ఒకటి, 3000 ఒకటి. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 1500 అన్న మాట ఎవరన్నా అంటే వినొద్దు, అది షెడ్డులో మిషన్ ఉన్నవాళ్ళకి. 1500 గరుకుని చేత్తో తియ్యలేక సాయంత్రం అవుతుంది. పేపర్‌ని రెండు చుక్కల షాంపూ కలిపిన నీళ్ళలో పావుగంట నానబెట్టండి. అగ్గిపెట్టెంత ముక్క కత్తిరించి, పిల్లలు స్కూల్లో వాడే పెన్సిల్ రబ్బరుకి చుట్టండి. చుట్టుపక్కల మాస్కింగ్ టేపు వేసుకోండి. మలుపు అంచు మీద, కింద గరుకు నల్ల ప్లాస్టిక్ మీద తప్పకుండా. అంచుల దగ్గర పెయింటు ఎప్పుడూ పల్చగానే నిలుస్తుంది. నల్ల ప్లాస్టిక్ గరుకులో తెల్ల కాంపౌండ్ దూరిందంటే పాత టూత్‌బ్రష్‌తో అరగంట పని పెట్టుకున్నట్టే.

నీళ్ళు కారుతుండగా, గీతకి ఏటవాలుగా, పదిసార్లు పేపర్ జరపండి. బలం వద్దు, చేతి బరువు చాలు. తుడిచి ఆరనిచ్చి దగ్గరగా చూడండి. చుట్టూ మంచు పట్టిన అద్దంలా మసకబారి ఉంటుంది. ఆ మసక మధ్యలో గీత మాత్రం తడి దారంలా మెరుస్తూ ఉంటుంది. ఎందుకంటే పేపర్ ఇంకా గీత అడుగుని తాకలేదు. మరో పదిసార్లు. దారం సన్నబడుతుంది. ఇంకో పదికి ముక్కలు ముక్కలుగా తెగుతుంది. ఆ తెగిన ముక్కలు కనిపించగానే పేపర్ కింద పెట్టెయ్యండి. మొత్తం పోయేదాకా వెంటపడితే మిగిలిన ఆ కాస్త క్లియర్ కూడా పోతుంది. ముక్కల్ని కాంపౌండ్ చూసుకుంటుంది. తర్వాత 3000 పేపర్‌తో అదే చోట ఇరవై సార్లు, ఆ తర్వాత ఇందాకటిలాగే కాంపౌండ్. మసక పోయి మెరుపు రావడానికి అరగంట పడుతుంది, భుజం నొప్పి ఖాయం.

మీది తెల్ల కారు కాబట్టి ఒక్క హెచ్చరిక. ఎరుపో నీలమో అయితే, క్లియర్ దాటి రంగులోకి దిగగానే పేపర్ కింద నీళ్ళు ఆ రంగుకి మారతాయి, మనం ఆగుతాం. క్లియర్ పొడి తెల్లగానే ఉంటుంది, మీ రంగూ తెల్లదే, కాంపౌండ్ కూడా తెల్లదే. కారు మీకేమీ చెప్పదు. అందుకే పదేసి లెక్కపెట్టమంటున్నాను. వెనక సెన్సర్ల మీద పేపర్ పెట్టొద్దు. 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ రివర్స్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి, మీ కారుకీ ఉంటాయి. మరి అవి కూతలు పెడుతుండగా పిల్లర్‌కి ఎలా తగిలిందని అడగను. మూల మీద వాటికి చూపు తక్కువ.

చివర్లో మైనం పూత పెట్టండి. ఇది అలంకారం కాదు. క్లియర్ పల్చబడ్డ చోట ఎండ ముందు పని చేస్తుంది, రెండు మూడు నెలలకోసారి ఆ మూల మీద పూస్తూ ఉండండి.

ఇక నల్లచుక్క. అక్కడ పెయింటు లేచిపోయి ప్లాస్టిక్ కనిపిస్తోంది. రుద్దితే పెద్దదవుతుంది తప్ప తగ్గదు. మీ కారు రంగు కోడ్ బానెట్ కింద గానీ డ్రైవర్ డోరు తీస్తే పక్క స్తంభం మీద గానీ స్టిక్కర్ మీద ఉంటుంది. ఆ కోడ్‌కి సరిపోయే టచప్ సీసా కంపెనీ షోరూంలోనే తీసుకోవచ్చు, లేదా ఆటోనగర్‌లో పెయింటు కలిపే షాపులో కొంచెం కలిపించుకోవచ్చు. మామూలు తెలుపు అయితే బాగానే కలుస్తుంది. ముత్యపు మెరుపున్న తెలుపు అయితే చుక్క తెలుస్తూనే ఉంటుంది, నల్లగా కనిపించడం కన్నా నయం.

ఒక్కటి మర్చిపోకండి. పాలీప్రొపిలీన్ మీద ఏ పెయింటూ పట్టుకోదు. పెరుగు డబ్బాల ప్లాస్టిక్ కూడా చాలాసార్లు అదే. దాని మీద పెయింటు వేసి ఎండాక గోటితో గీకండి, పొరలాగా లేస్తుంది. అందుకే ముందు ప్లాస్టిక్ ప్రైమర్ అని అడిగి తెచ్చి, ఆల్కహాల్‌తో తుడిచిన చుక్క మీద కొంచెం అద్దండి. సీసా మూతకి ఉండే బ్రష్షు లావు, దాంతో పెడితే బొట్టు పెట్టినట్టుంటుంది. పుల్ల మొన మీద తీసుకుని గుంట మధ్యలో ఆనిస్తే రంగు దానంతట అదే అంచుల దాకా పాకుతుంది. పల్చగా పెట్టి, గంట ఆగి, మళ్ళీ పెట్టి, మూడు నాలుగు పూతలు. పొంగిపోయేలా నింపొద్దు, ఆరితే కుంగుతుంది, కుంగినప్పుడు మళ్ళీ పెట్టుకోవచ్చు. మన ఊరి తేమకి ఆరడం ఆలస్యం, వాన పడే రోజు ఈ పని పెట్టుకోకండి. రంగు ఆరాక దాని పైన క్లియర్ చుక్క కూడా పెట్టండి, ఆ తర్వాత వారం పాటు ప్రెషర్ వాషింగ్‌కి ఇవ్వొద్దు.

టూత్‌పేస్టులో కొంచెం గరుకు ఉంటుంది కాబట్టి చాలా సన్నటి గీతలు మసకబారతాయి. కాంపౌండ్ సీసా దొరికే ఊళ్ళో దాని అవసరం నాకు కనపడదు. వేడినీళ్ళు సొట్టలకి, గీతలకి కాదు. సొట్టకైనా పెయింటు మడతపడిన చోట వేడినీళ్ళు పోసి తోస్తే చిట్లే ప్రమాదం ఉంది.

షెడ్డువాళ్ళది అబద్ధమని నేననను. బంపర్‌లో ఒక మూల మాత్రమే కొడితే రంగు తేడా తెలుస్తుందని మొత్తం కొడతారు, అది న్యాయమే. కానీ మీ దెబ్బకి అంత అవసరం లేదు. ఇన్సూరెన్స్‌లో వేద్దామా అని కూడా మీరు ఆలోచిస్తూ ఉంటారు. 1500 సీసీ లోపు కారుకి ప్రతి క్లెయిములో మొదటి 1000 రూపాయలు ఎలాగూ మీవే. పైగా మొదటి ఏడాది క్లెయిము లేకపోతే సొంత డ్యామేజీ ప్రీమియంలో వచ్చే 20 శాతం తగ్గింపు పోతుంది. అది ఏడాదికేడాదీ పెరిగి 50 శాతం దాకా వెళ్ళే లెక్క. కాంపౌండ్, పేపర్లు, ఆల్కహాల్, గుడ్డలు కలిపి వెయ్యి దాటవు.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ. తెల్ల కారు మీద అంతగా కనపడదు, నల్ల కారు ఉన్నవాళ్ళని అడగండి, ఎండలో సాలెగూడులా సన్న గీతలు. అవి పిల్లర్లు చేసినవి కాదు. పొద్దున్నే ఒక బకెట్టు, ఒక గుడ్డతో పది కార్లు తుడిచే పద్ధతి చేసింది. ఎనిమిదో కారు దగ్గరికి వచ్చేసరికి ఆ గుడ్డ వాటర్ పేపరే. మీ వాచ్‌మన్‌కి రెండు మంచి గుడ్డలు మీరే కొనిచ్చి, మీ కారుకి అవే వాడమనండి, ముందు నీళ్ళు పొయ్యమనండి.

ఆ పిల్లర్ సంగతి కూడా చూడండి. మా సెల్లార్‌లో ఇలాంటిదే ఒకటుంటే మా అమ్మాయి పాత యోగా మ్యాటు ముక్క బంపర్ ఎత్తుకి చుట్టి తాడుతో కట్టాను. ఇప్పటికి దాని మీద మూడు మరకలు పడ్డాయి. రెండు పై అంతస్తువాళ్ళవి, ఒకటి నాదే.